కళ్ళు తెరవలేదు, లైటుకి కంటిపాప కదల్లేదు, అయినా మనిషి లోపల మేలుకునే ఉన్నాడు: ఒక కట్లపాము కేస్

ఈ కేస్ రాసిపెట్టమని మా హౌస్ సర్జన్లు చాన్నాళ్ళుగా అడుగుతున్నారు. నేను అనస్తీషియా డాక్టర్ని, ఉత్తర తెలంగాణలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసీయూ చూసుకుంటుంటాను. పేషెంట్‌ని అడిగి, సరే అన్నాకే రాస్తున్నా, పేరూ ఊరూ మాత్రం తీసేసాను. నర్వస్ సిస్టమ్ అంటే ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో బొమ్మలేసి మార్కులు తెచ్చుకుని మర్చిపోయే చాప్టర్ అనుకునేవాళ్ళు ఈ కేస్ ఒకసారి చదవాలి, ఎందుకంటే ఇక్కడ మనిషి బతికింది ఆ చాప్టర్ వల్లే.

ఆగస్టు నెల, వానలు ఆగకుండా పడుతున్న వారం. మధ్యాహ్నం పన్నెండు దాటాక ప్రైవేట్ అంబులెన్స్‌లో, వెంటిలేటర్ మీద ఒకతన్ని తెచ్చారు. ముప్పై దాటిన మనిషి, కౌలుకి పత్తి, మక్క వేసుకుంటాడు, బీపీ లేదు, షుగర్ లేదు, మందు అప్పుడప్పుడు. టౌన్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రి నుంచి తెచ్చిన రిఫరల్ లెటర్‌లో బ్రెయిన్‌స్టెమ్ స్ట్రోక్, జీసీఎస్ 3, పుపిల్స్ ఫిక్స్‌డ్ అండ్ డైలేటెడ్, ప్రోగ్నోసిస్ వెరీ పూర్, అటెండర్లకి చెప్పడమైనది అని ఉంది. అంటే మెదడుని వెన్నుపాముకి కలిపే కాండంలో స్ట్రోక్, స్పృహ కొలతలో అన్నిటికంటే కింది అంకె, కంటిపాపలు పెద్దవై లైటుకి కదలట్లేదు, బతికే ఆశ చాలా తక్కువ, వెంట వచ్చిన ఇంటివాళ్ళకి ఇది చెప్పాం అని. అటెండర్లకి ఏం చెప్పారంటే, బ్రెయిన్ పోయింది, మిషన్ మీద గుండె కొట్టుకుంటోంది అంతే, ఇంటికి తీస్కపోతే తీస్కపోండి, లేదంటే గవర్నమెంట్ దవాఖానకి పోండి అని. వాళ్ళ అన్న ఇంటికి పోవడానికి ఒప్పుకోలేదు, అందుకే మా దగ్గరికి వచ్చారు.

వాళ్ళని తిట్టడానికి రాయట్లేదు ఇది. పేషెంట్‌ని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. పల్స్ 118, బీపీ 160/100, రెండు కంటిపాపలూ 7 మిల్లీమీటర్లు, టార్చి వేస్తే చలనం లేదు. తల అటూ ఇటూ తిప్పితే కళ్ళు కదల్లేదు. కంటి ముందు ఉండే అద్దంలాంటి పొర, కార్నియా మీద దూదిపోగు పెడితే రెప్ప కొట్టలేదు. సక్షన్ ట్యూబు గొంతులోకి పంపితే దగ్గు లేదు. సొంతంగా ఒక్క శ్వాస లేదు, చేతులు కాళ్ళు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి, మోకాలి మీద సుత్తితో కొడితే రిఫ్లెక్స్ లేదు. బ్రెయిన్‌స్టెమ్ డెత్ ఫారంలో ఉండే కాలమ్స్ అన్నీ ఇతను నింపేసినట్టే. పైగా సీటీ నార్మల్ వచ్చింది కాబట్టి రక్తం గడ్డ లేదు, ట్యూమర్ లేదు, ఇక బ్రెయిన్‌స్టెమ్‌లో రక్తం అందక కొత్తగా కొంత భాగం చచ్చిపోయి ఉంటే (ఇన్‌ఫార్క్ట్), అది మొదట్లో సీటీలో కనపడకపోవచ్చు కాబట్టి ఆ డయాగ్నోసిస్ మరీ గాల్లో పెట్టింది కూడా కాదు.

కుదరంది హిస్టరీ. అన్నని పక్కన కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమన్నా.

"మొన్న రాత్రి రెండు గంటలప్పుడు కడుపుల నొస్తుందని లేచిండు సార్, రెండుసార్లు కక్కిండు. పొద్దుగాల తిన్నది పడలేదేమో అనుకున్నం. ఆర్ఎంపీ వచ్చి గ్యాస్ ఇంజక్షన్ ఇచ్చిండు. ఐదింటికి చూస్తే కండ్లు తెరుస్తలేడు, నిద్ర అనుకున్నం. మాట ముక్కుల నుంచి వచ్చినట్టు వచ్చింది, నీళ్ళు తాగిస్తే ముక్కుల నుంచే బయటికొచ్చినయ్. మాట్లాడింది మాత్రం కరెక్టే సార్, బర్రెకి నీళ్ళు పెట్టమని కూడా చెప్పిండు. తర్వాత మెడ నిలబడలే, తర్వాత దమ్ము ఆడలే."

ఎక్కడ పడుకున్నాడు అని అడిగా. కిందనే, చాప మీద, ఉక్కపోస్తుందని తలుపు తీసిపెట్టుకుని. పాము ఏమైనా చూశారా? చూడలేదు. కాటు గుర్తు? లేదు.

మా ఏరియాలో పనిచేసేవాళ్ళకి ఇక్కడికే సగం అర్థమైపోయి ఉంటుంది. కట్లపాము రాత్రిపూట తిరిగే పాము, వానాకాలంలో ఇళ్ళలోకి వస్తుంది, కింద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, కోరలు చిన్నవి కాబట్టి గుర్తు దాదాపు కనపడదు, వాపు రాదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు, చాలామంది దోమో చీమో అనుకుని అటు తిరిగి పడుకుంటారు. నాగుపాము కరిస్తే అక్కడ వాచి నల్లబడుతుంది, రక్తపింజర కరిస్తే కాలు కాలంతా ఉబ్బి రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది, ఆ రెండిటికీ కరిచిన జాగా ఉంటుంది, దీనికి ఉండదు. కడుపునొప్పితో మొదలవ్వడం దీని అలవాటు. అర్ధరాత్రి కడుపునొప్పి, తెల్లారేసరికి రెప్పలు వాలిపోవడం, కింద పడుకోవడం, ఈ మూడూ కలిసినప్పుడు వేరేది కాదని తేలేదాకా కట్లపామే అనుకోవాలి. మాట స్పష్టత పోయింది కానీ చెప్పిన విషయం సరిగ్గా ఉంది, అదొకటి. పైనుంచి కిందికి వరసగా, గంటలు తీసుకుంటూ పోయింది, అది రెండోది. స్ట్రోక్ ఇలా మెట్లు దిగినట్టు, రెండుపక్కలా సమానంగా రావడం అరుదు.

కానీ అనుమానం వేరు, అవతల బ్రెయిన్ పోయిందని చెప్పేసిన మనిషి విషయంలో కాదు అనడం వేరు, చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. మా అనస్తీషియా వాళ్ళ దగ్గర ఒక చిన్న డబ్బా ఉంటుంది, నర్వ్ స్టిమ్యులేటర్. ఆపరేషన్‌లో కండరాలకి ఇచ్చిన మత్తు ఎంత మిగిలిందో చూడ్డానికి వాడతాం. మణికట్టు దగ్గర అల్నార్ నరం మీద రెండు స్టిక్కర్లు అంటించి బటన్ నొక్కితే రెండు సెకన్లలో నాలుగు చిన్న షాకులు వెళ్తాయి, బొటనవేలు నాలుగుసార్లు లోపలికి తన్నుకుంటుంది. ఇతనికి పెట్టాం. కరెంటు 60 మిల్లీఆంప్స్ దాకా పెంచాం. బొటనవేలు కదల్లేదు. బ్యాటరీ పోయిందేమో సార్ అన్నాడు హౌస్ సర్జన్, నీ చేతికే పెట్టుకో అన్నా, పెట్టుకున్నాడు, టక్ టక్ టక్ టక్ అని వాడి వేలు ఎగిరింది, ఎగిరి కుర్చీలోంచి వాడూ లేచాడు. తర్వాత పేషెంట్ బొటనవేలి కింద ఉండే కండ మీదకే స్టిక్కర్లు జరిపి నేరుగా కరెంటు ఇచ్చి చూశాం, కండ సన్నగా, బద్ధకంగా ముడుచుకుంది.

ఈ రెండు రిజల్ట్స్ పక్కపక్కన పెట్టుకుంటే కథ మొత్తం తెలుస్తుంది, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతున్నా.

మనం బొటనవేలు కదపాలనుకున్నప్పుడు పని చేసేవి రెండు న్యూరాన్లు, అంటే నాడీకణాలు. మొదటిది మెదడు పైపొరలో, మోటార్ కార్టెక్స్‌లో మొదలై బ్రెయిన్‌స్టెమ్ మీదుగా వెన్నుపాములోకి దిగుతుంది. రెండోది మెడ దగ్గర వెన్నుపాము ముందువైపు కొమ్ములో కూర్చుని ఉంటుంది, దాని తీగ, అంటే యాక్సాన్, వెన్నెముక నుంచి బయటపడి చెయ్యి పొడవునా నడిచి బొటనవేలి కండరంలో ముగుస్తుంది. అంటే కణం మెడలో, దాని కొస వేలిదగ్గర, మధ్యలో రెండున్నర అడుగుల పైచిలుకు ఒకే కణం. కాలి వేళ్ళకి వెళ్ళేదైతే దాదాపు మీటరు. మెదడు పోయినా, బ్రెయిన్‌స్టెమ్ పోయినా, ఈ రెండో న్యూరాన్ బతికే ఉంటుంది, దాని కండరమూ బతికే ఉంటుంది. కాబట్టి నిజంగా బ్రెయిన్ డెత్ అయిన మనిషికి మణికట్టు దగ్గర షాకిస్తే వేలు శుభ్రంగా కదులుతుంది. ఇతనికి కదల్లేదంటే చెడింది మెదడు కాదు, లేదా కనీసం మెదడు ఒక్కటే కాదు, మణికట్టుకీ వేలికీ మధ్య ఇంకేదో ఉంది. కండకి నేరుగా ఇస్తే ముడుచుకుంది అంటే కండ బాగుంది. ఇక మిగిలింది నరం చివర కండని తాకే చోటు.

అన్నకి ఇలా చెప్పా: స్తంభం నుంచి కరెంటు వస్తోంది, బోరు మోటారు మంచిగుంది, మోటారుకి కలిపే దగ్గర వైరు కొస కాలిపోయింది, కొస మళ్ళీ వేసుకునే దాకా మనం చేత్తో నీళ్ళు తోడాలి, ఆ తోడేదే ఈ వెంటిలేటర్. అతనికి వెంటనే ఎక్కింది. కాలిపోయిన కొస మళ్ళ ఎట్ల వస్తది సార్ అనడిగాడు, అది మంచి ప్రశ్న, దానికి కిందకొస్తా.

ముందు ఇలాగే కనపడే మిగతావి తీసేయాలి. పాత ఆసుపత్రికి ఫోన్ చేసి ట్యూబ్ వేసేటప్పుడు కండరాలు సడలించే మందు (రిలాక్సెంట్) ఏం ఇచ్చారో కనుక్కున్నా, అట్రాక్యూరియం ఒక డోసు, అది దిగిపోయి రోజు దాటింది. పురుగుమందు అయితే కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట్లో నురగ, వాసన, ఇక్కడ అన్నీ ఉల్టా. గిలాన్ బారే అనే నరాల జబ్బు గంటల్లో ఇలా పడగొట్టదు, రోజులు పడుతుంది. పొటాషియం 2.8 ఉంది, కట్లపాము కేసుల్లో తగ్గడం మామూలే, కానీ 2.8కి మనిషి ఇంతగా పడిపోడు. సరిచేయడం మొదలుపెట్టాం.

ఇప్పుడు ఆ కొస సంగతి. నరం కండని నేరుగా అంటుకోదు, మధ్యలో 50 నానోమీటర్ల సందు ఉంటుంది. నరం కొసలో చిన్న చిన్న సంచులు, ఒక్కో సంచిలో వేల సంఖ్యలో ఎసిటైల్‌కోలిన్ అణువులు, నరం నుంచి కండకి కబురు మోసే రసాయనం ఇదే. సిగ్నల్ వచ్చి కాల్షియం లోపలికి రాగానే సంచులు పగిలి ఆ ఎసిటైల్‌కోలిన్ సందు దాటి కండమీద ఉన్న రిసెప్టర్లకి తగులుతుంది, కండ ముడుచుకుంటుంది. నాగుపాము విషం ప్రధానంగా అవతలి ఒడ్డున పనిచేస్తుంది, రిసెప్టర్ మీద కూర్చుంటుంది, అందుకే నియోస్టిగ్మిన్ ఇచ్చి ఎసిటైల్‌కోలిన్ సందులో ఎక్కువసేపు నిలిచేలా చేస్తే రెప్పలు లేస్తాయి. కట్లపాము విషంలో రెండు రకాలూ ఉన్నా, అసలు ముప్పు ఇవతలి ఒడ్డున పనిచేసే బీటా బంగరోటాక్సిన్ రకంది. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు అక్కడి కట్లపాము విషాన్ని విడగొట్టి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టారు, ఆ ఆల్ఫానే తర్వాత ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్‌ని వెతికి పట్టుకోవడానికి ప్రపంచమంతా ల్యాబుల్లో వాడారు, పాము పేరుమీద ఫిజియాలజీలో సగం చాప్టర్ నిలబడింది అనొచ్చు. బీటా సంగతి వేరు. అది ఒక ఫాస్ఫోలైపేజ్, అంటే కణం పొరలోని కొవ్వుని కోసే ఎంజైమ్, నరం కొస పొరనే అరగదీస్తుంది. ముందు సంచులు ఖాళీ అవుతాయి, తర్వాత మైటోకాండ్రియా ఉబ్బి పగుల్తాయి, తర్వాత కొస మొత్తం రాలిపోతుంది. ఎలుకల్లో చూస్తే 24 గంటల్లో కండరంలోని పోగుల్లో 70 శాతం దాకా నరం సంబంధం తెగిపోయింది.

మరి మెదడుకి ఎందుకు వెళ్ళలేదు? మెదడు రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదానికొకటి కుట్టేసినట్టు బిగుతుగా ఉంటాయి, వాటి చుట్టూ ఆస్ట్రోసైట్లు అనే గ్లియా కణాలు (న్యూరాన్లకి తోడుగా ఉండేవి) పాదాలు ఆనించి కాపలా ఉంటాయి. ఇరవై వేల డాల్టన్ల ప్రోటీన్ ఆ గోడ దాటదు. చేతిలో నడిచే నరానికి కూడా ఇలాంటి తొడుగే ఉంది, పెరిన్యూరియం. కానీ నరం కండలోకి దిగి చీలి చివరికొచ్చేసరికి ఆ తొడుగు ఉండదు, కొస బట్టబయలుగా ఉంటుంది. ఒంట్లో అంత పకడ్బందీగా కట్టిన వ్యవస్థలో తలుపు తీసిపెట్టిన చోట్లలో అదొకటి, పాము విషం సరిగ్గా అక్కడికే వెళ్తుంది. పైన 8,600 కోట్ల న్యూరాన్లు, దాదాపు అంతే సంఖ్యలో గ్లియా, అన్నీ చెక్కుచెదరకుండా పనిచేస్తూనే ఉన్నాయి, కింద కొసలు పోయాయి, అంతే.

రెప్పలే ముందు ఎందుకు వాలతాయని మా హౌస్ సర్జన్ పిల్లలు ప్రతిసారీ అడుగుతారు. కన్ను కదిపే కండరాల్లో ఒక్కో న్యూరాన్‌కి పది పోగుల చొప్పున మాత్రమే ఉంటాయి, పిక్క కండలో ఒక్కో న్యూరాన్‌కి వెయ్యి పైనే. కంటి నరాలు చాలా వేగంగా, ఆగకుండా కొడుతుంటాయి, నరం కండని కలిసే ఆ జంక్షన్ల దగ్గర మిగులు తక్కువ, కాబట్టి కాస్త సరుకు తగ్గినా ముందు బయటపడేది అక్కడే. తర్వాత మింగడం, మాట, మెడ, ఆ తర్వాత ఊపిరి లాగే కండ, డయాఫ్రమ్. మెడ ఎత్తలేకపోతున్నాడంటే శ్వాస ఆగడానికి ఎక్కువ టైం లేదని లెక్క. పీహెచ్‌సీలో ఏ మిషనూ లేకపోయినా దిండు మీంచి తల ఎత్తమనండి, ఒకే ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలడో చూడండి, చాలు.

కంటిపాపలు. ఈ కేస్‌ని దారి తప్పించింది అవే. మన ప్రమేయం లేకుండా నడిచే నరాలు రెండు రకాలు, పారాసింపథెటిక్, సింపథెటిక్. కంటిపాప చిన్నదవ్వాలంటే పారాసింపథెటిక్ నరం ఎసిటైల్‌కోలిన్ వదలాలి. బ్రెయిన్‌స్టెమ్ నుంచి మూడో క్రేనియల్ నరంలో ఒక న్యూరాన్ బయల్దేరి కంటిగుంట వెనక సిలియరీ గ్యాంగ్లియన్ అనే నరాల ముడిలో ఆగుతుంది, అక్కడినుంచి రెండో న్యూరాన్ కంటిపాప చుట్టూ ఉండే కండకి వెళ్తుంది. కట్లపాము విషం ఆ కొసల్ని కూడా వదలదు. పెద్దది చేసే సింపథెటిక్ వైపు నోరడ్రినలిన్‌తో నడుస్తుంది, దానికి అంత దెబ్బ తగల్లేదు. ఒకవైపు లాగేవాడు లేక రెండోవైపుకి లాక్కుపోయింది, 7 మిల్లీమీటర్లు. గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం పట్టు కూడా అలాగే సడలింది, పల్స్ 118. మూత్రం బంద్, పేగుల చప్పుడు లేదు. అంటే లైటు వెలుగు రెటీనా నుంచి మెదడుకి చేరుతోంది, మెదడు పాపని చిన్నది చెయ్యమని ఆర్డర్ కూడా పంపుతోంది, అమలు చేసేవాళ్ళే లేరు. టార్చి వేసిన డాక్టర్‌కి ఇదేదీ కనపడదు.

మన దేశంలో బ్రెయిన్‌స్టెమ్ డెత్ నిర్ధారణకి 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు, 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష, ఇవన్నీ ఉన్నాయి. వాటికంటే ముందు కండరాలని పడగొట్టే మందులు, విషాలు లేవని తేల్చుకోవాలి. ఇతని విషయంలో ఫార్మల్‌గా డిక్లేర్ ఏమీ చెయ్యలేదు, నోటిమాటగా బ్రెయిన్ పోయింది అనేశారు. నాకు భయం వేసేది ఆ నోటిమాటే, ఎందుకంటే ఫారం నింపడానికి నలుగురు కావాలి, ఆ మాట అనడానికి డ్యూటీలో ఉన్న ఒక్కరు చాలు, అది విని ట్యూబ్ తీయించుకుని ఇంటికి తీసుకెళ్ళిపోయే కుటుంబాలు ఉంటాయి.

ఆ సాయంత్రం ఇంకొకటి చేశాం, ఇది ఏ బుక్కులోనూ టెస్టు కాదు. అన్నని చెవి దగ్గర కూతురి పేరు పెట్టి మాట్లాడమన్నా. "చిన్నది బడికి పోనని ఏడుస్తుంది, నువ్వొచ్చి చెప్పాలె" అన్నాడు. మానిటర్ మీద పల్స్ 112 నుంచి 136కి వెళ్ళింది, నిమిషంలో మళ్ళీ దిగింది. కాసేపాగి మళ్ళీ చేస్తే మళ్ళీ అదే. మెదడు విన్నది, సింపథెటిక్ దారిలో గుండెకి చెప్పింది, ఆ ఒక్క దారి తెరిచి ఉంది. మర్నాడు ఈఈజీ, అంటే మెదడు కరెంటు అలల రికార్డు, తీయించాం. నార్మల్ ఆల్ఫా రిథమ్, సెకనుకి 9, 10 అలలు, రెప్పలు మేమే చేత్తో పైకెత్తితే అలలు అణిగిపోతున్నాయి, వదిలేస్తే మళ్ళీ వస్తున్నాయి. కళ్ళు మూసుకుని మేలుకుని పడుకున్న ఏ మనిషికైనా వచ్చే రికార్డే అది. ఈఈజీ టెక్నీషియన్ పేషెంట్‌ని ఒకసారి, కాగితాన్ని ఒకసారి చూసి, లీడ్స్ మారినయేమో చెక్ చేసుకున్నాడు.

ట్రీట్‌మెంట్ చెప్పాలంటే పెద్ద గొప్ప ఏమీ లేదు. కాటు పడి దాదాపు 34 గంటలయ్యాక యాంటీ వీనమ్ ఎందుకు అన్నారు ఒకరిద్దరు. రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని అదొక్కటే పట్టుకుంటుంది, కొసలోకి దూరిపోయిన దాన్ని బయటికి లాగలేదు, రాలిపోయిన కొసని తిరిగి పెట్టలేదు. ఆలస్యంగా వచ్చినా శ్వాస పడిపోయిన న్యూరోటాక్సిక్ కేస్ అయితే ఒక డోసు, 10 వయల్స్ ఇవ్వమని మన ప్రోటోకాల్ చెప్తుంది, ఇచ్చాం. అడ్రినలిన్ సిరంజిలో లోడ్ చేసి పక్కన పెట్టుకునే మొదలుపెట్టాం, సగంలో ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి, ఆపి, అర ఎంజీ కండకిచ్చి, తగ్గాక మెల్లగా పూర్తిచేశాం. ఇంకో పది ఇవ్వలేదు. ఇలాంటివాళ్ళకి 30, 40 వయల్స్ ఎక్కించేసిన కేస్ షీట్లు చూశాను, ఇంకా కదలట్లేదు కాబట్టి ఇంకా ఇద్దాం అని. కదలకపోవడం విషం మిగిలినందుకు కాదు, కొస ఇంకా మొలవనందుకు. ఆ వయల్స్ వేరే పీహెచ్‌సీలో ఒక ప్రాణం. నియోస్టిగ్మిన్ అట్రోపిన్‌తో కలిపి ఒకసారి ఇచ్చి గంట చూశాం, మార్పు లేదు, ఆపేశాం.

మిగిలింది నర్సింగ్. దీనికి మాత్రం సిస్టర్లకే పేరు రావాలి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, సక్షన్, నోరు తుడవడం, రెప్పలు వాలినా పూర్తిగా మూతపడవు కాబట్టి కార్నియా ఎండకుండా ఆయింట్‌మెంట్ వేసి టేప్ అంటించడం, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్. నేను గట్టిగా పట్టుబట్టింది రెండు. ఒకటి, మనిషి పూర్తి స్పృహలో ఉన్నాడు, ఒళ్ళంతా నొప్పి తెలుస్తోంది అనుకుని నిద్రకీ నొప్పికీ మందు డ్రిప్‌లో నడపాలి. స్పర్శ, నొప్పి మోసే న్యూరాన్లు వేరు, వాటి కణాలు వెన్నుపాము పక్కన చిన్న ముడుల్లో, డార్సల్ రూట్ గ్యాంగ్లియాల్లో ఉంటాయి, ఈ విషం వాటి జోలికి పోలేదు. రెండు, మంచం దగ్గర చావు మాటలు, డబ్బు మాటలు వద్దు, ఏం చేసినా చెప్పి చెయ్యాలి. మా సీనియర్ సిస్టర్‌కి ఇది చెప్పక్కర్లేకపోయింది. "అన్నా, నోట్ల పైపు పెట్టి తీస్తున్న, కొంచెం మంటయితది, ఓర్చుకో" అని మొదటి రోజు నుంచే మాట్లాడుతోంది. కొత్త స్టాఫ్ ముసిముసిగా నవ్వుకున్నారు, నవ్వనీ.

రోజూ పొద్దున రౌండ్స్‌లో నర్వ్ స్టిమ్యులేటర్ పెట్టేవాళ్ళం. రెండో రోజు సున్నా. మూడో రోజు సున్నా. నాలుగో రోజు సాయంత్రం మొదటి షాకుకి బొటనవేలు సన్నగా వణికింది, మిగతా మూడిటికి లేదు. ఐదో రోజు పొద్దున కాలి బొటనవేలు తనంతట తనే కదిపాడు, అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు అని ఒప్పందం చేసుకున్నాం. నొప్పి ఉందా? ఒకసారి. ఎక్కడ, తలా? రెండుసార్లు. ఇలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ పోతే నొప్పి మూత్రం గొట్టం దగ్గర అని తేలింది, మార్చాం.

అన్న అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడ ఉంది. మోచేతి దగ్గర నరం తెగిందనుకోండి, కొస రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుక్కుంటూ వేలిదాకా రావాలి, నెలలు పడుతుంది, ఒక్కోసారి దారి తప్పి రానే రాదు. ఇక్కడ పోయింది చివర ఉండే వెంట్రుకవాసి ముక్క మాత్రమే. కణం వెన్నుపాములో క్షేమం, తీగ క్షేమం, తీగకి మైలిన్ (వైరు మీద ప్లాస్టిక్ లాంటి తొడుగు) చుట్టే ష్వాన్ కణాలు క్షేమం, సరుకు కణం నుంచి యాక్సాన్ గుండా కిందికి దిగుతూనే ఉంది. జంక్షన్ నెత్తిన టోపీలా కూర్చునే ఇంకో రకం ష్వాన్ కణాలు ఉంటాయి, టెర్మినల్ ష్వాన్ కణాలు. ఇవి మైలిన్ చుట్టవు. కొస చచ్చిపోతున్నప్పుడు దాని మైటోకాండ్రియా నుంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి సంకేతాలకి ఇవి మేలుకుని, చెత్తని తినేసి, కాళ్ళు చాపి, కొత్తగా మొలిచే కొసకి పాత జాగా దాకా దారి చూపిస్తాయి. అవతల కండమీద రిసెప్టర్ల అచ్చు ఇంకా అలాగే ఉంటుంది కాబట్టి కొస వచ్చి సరిగ్గా అదే గుంటలో కూర్చుంటుంది. ఎలుకల్లో 5 రోజులకి తిరిగి అతుక్కోవడం దాదాపు పూర్తయ్యింది, మనుషుల్లో తక్కువంటే కొన్ని రోజులు, తీవ్రంగా ఉంటే వారాలు.

అదే వెన్నుపాము లోపల తీగ తెగితే ఈ వైభోగం లేదు. అక్కడ మైలిన్ చుట్టేది ష్వాన్ కణం కాదు, ఆలిగోడెండ్రోసైట్, ఒక్కటే చాలా తీగలకి చుడుతుంది, దాని మైలిన్‌లో తీగ పెరగకుండా ఆపే ప్రోటీన్లు ఉంటాయి, పైగా ఆస్ట్రోసైట్లు మచ్చ కడతాయి. బైక్ యాక్సిడెంట్‌లో వెన్ను విరిగిన కుర్రాడికి రాని కదలిక, నాలుగు రోజులు శవంలా పడున్న ఇతనికి ఎందుకొచ్చిందో ఈ కణాల తేడాలోనే ఉంది. రెండూ నరాల జబ్బే కదా సార్, దీనికొస్తే దానికెందుకు రాదు అని అటెండర్లు అడిగితే నేను చెప్పేది ఇదే.

రికవరీ కింద నుంచి పైకి వచ్చింది. వేళ్ళు, చేతులు, తర్వాత శ్వాస, మెడ. ఎనిమిదో రోజు దిండు మీంచి తల ఎత్తి ఐదు సెకన్లు నిలిపాడు, దగ్గు గట్టిగా వచ్చింది, మర్నాడు ట్యూబ్ తీశాం. రెప్పలు చిట్టచివర లేచాయి. మధ్యలో ఆరో రోజు జ్వరమొచ్చి కుడి ఊపిరితిత్తి కింద నిమోనియా పట్టింది, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళని చంపేది విషం కంటే ఎక్కువ ఇదే, యాంటీబయాటిక్ మార్చాం, తగ్గింది.

మాట వచ్చాక ఏం గుర్తుందని అడిగాం. డ్రిప్ మొదలుపెట్టక ముందువి దాదాపు అన్నీ గుర్తున్నాయి. టౌన్ ఆసుపత్రిలో ఇంటికి తీస్కపోండి అన్నది విన్నాడు. "అన్న పైసల కోసం ఎవరికో ఫోన్ జేసి అడుగుతుండు సార్, వద్దురా అని అందామంటే నోరు రాలే." టార్చి వేసినప్పుడల్లా కళ్ళల్లో సూర్యుడు దిగినట్టు ఉండేదట, పాప పెద్దదై ఉంది కదా మరి, వెలుగంతా లోపలికే. అన్నిటికంటే కష్టం ఏమనిపించింది అంటే దోమలు అన్నాడు. అంబులెన్స్‌లో మోచేతి మీద దోమ వాలి తాగి వెళ్ళేదాకా తెలుస్తూనే ఉందట. మా హౌస్ సర్జన్ ఆ రోజు నుంచి టార్చి వేసేముందు కళ్ళల్లో లైటు వేస్తున్నా అన్నా అని చెప్పి వేస్తున్నాడు.

పాము కాటుతో మన దేశంలో ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన లెక్క, ఎక్కువున్న రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. అందులో కట్లపాము కాటని తెలియకుండానే పోయినవాళ్ళు ఎంతమందో ఆ లెక్కలో విడిగా కనపడరు, గుండెపోటు అనో, పక్షవాతం అనో రాసేసి ఉంటారు. పీహెచ్‌సీల్లో ఉన్నవాళ్ళకి నా రిక్వెస్ట్ ఏంటంటే, తెల్లవారుజామున రెప్పలు వాలి వచ్చిన ఎవరినైనా ముందు ఎక్కడ పడుకున్నావని అడగండి, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ దగ్గర పెట్టుకోండి, పది వయల్స్ మొదలుపెట్టి, మెడ ఎత్తలేకపోతుంటే ట్యూబ్ వేశాకే 108 ఎక్కించండి. ఐసీయూ వాళ్ళకైతే, నర్వ్ స్టిమ్యులేటర్ ఆపరేషన్ థియేటర్‌లో తాళం వేసి ఉంటుంది, ఆ తాళం తీయించండి.

నెల తర్వాత రివ్యూకి నడిచి వచ్చాడు. చేతుల్లో పట్టు బాగుంది, రిఫ్లెక్సులు వచ్చేశాయి, కంటిపాపలు లైటుకి కదులుతున్నాయి కానీ కాస్త నిదానంగా, ఫోన్‌లో అక్షరాలు దగ్గరపెట్టుకుంటే మసకగా ఉన్నాయన్నాడు, అది కూడా ఆ సిలియరీ దారిదే, దగ్గరివి చూడ్డానికి లెన్స్‌ని సర్దే కండకి వెళ్ళేది అదే నరం. నెలలో సర్దుకుంటుంది, కళ్ళజోడు ఇప్పుడే కొనొద్దని చెప్పి పంపాను. మంచం కొన్నావా అనడిగితే, కొన్నా సార్, కానీ దాని మీద మా అమ్మ పడుకుంటుంది అన్నాడు. ఇంకోటి కొనమని, దోమతెర కూడా కట్టి అంచులు పరుపు కిందికి దోపమని కేస్ షీట్ మీదే పెద్దక్షరాలతో రాసిచ్చా.